వరి మోళ్ళలో మొక్కజొన్న పసుపెక్కినచో

కృష్ణా, గుంటూరు ప్రాంతపు మాగాణులలో వరి కోసిన పిదప దున్నకుండ మొక్కజొన్న వేయు పద్ధతి మీకు తెలిసినదే. దమ్ము చేసిన నేలను దున్నినచో పెళ్ళలు లేచును, పదును పోవును, అదను తప్పును. మోళ్ళ నడుమ కర్రతో గుంతలు చేసి, సాళ్ళ మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల ఎడముతో విత్తినచో ఎకరమునకు సుమారు 33,000 మొక్కలు నిలుచును.

చిక్కు తరువాత వచ్చును. గడ్డి పరచియున్న చేలో లేతపైరు పసుపెక్కును. గడ్డిని కాల్చివేసిన బాగుండెడిదని కొందరందురు. ఇందులో నిజము సగమే. గడ్డిని కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు తమ పెంపునకు నేలలోని నత్రజనిని కొంతకాలము పట్టియుంచును. గడ్డి చివికిన మీదట తిరిగి విడుచును. కాల్చినచో టన్ను గడ్డిలోని 5 నుండి 8 కిలోల నత్రజని దాదాపు అంతయు గాలిలో కలియును. పొటాష్ మాత్రము బూడిదలో మిగులును. ఆ బూడిదయు గాలికి కొట్టుకొని పోవచ్చును.

ముందుగా ఆకులు చూడుడు. అడుగు ఆకులు కొన నుండి నడిమి ఈనె వెంట పసుపగుచున్నచో అది నత్రజని లోపము. చేలో నీరు నిలిచినను పైరు పాలిపోవును. అప్పుడు మొదట చేయవలసినది నీరు తీయుట, యూరియా వేయుట కాదు. యూరియాను గడ్డిపై చల్లవలదు, కొంత ఆవిరియై పోవును. మొక్క ప్రక్కన గుంతలో వేసి మట్టి కప్పుడు. రాబోవు పైరునకు మొదటి మోతాదు ఆలస్యము చేయకుడు.

పశువులకు కావలసిన గడ్డి తీసికొనుడు. కోతయంత్రము వరుసగా వదలిన గడ్డిని మాత్రము విత్తుటకు ముందే చేనంతట పలుచగా పరచవలెను. దాని క్రింద విత్తనము సరిగా మొలవదు.