పెరటి చెట్టూ, దూరపు కొండలూ
(సిరొంచ సరిహద్దున హైస్కూలు పిల్లల చదువుల గూర్చి)

కాళేశ్వరం దర్శనానికి పోయివచ్చే మన కుటుంబాలకు సిరొంచ కొత్త వూరు కాదు. ఒకప్పుడు పడవ మీద దాటేవాళ్ళం. ఇప్పుడు గోదావరి మీద వంతెన వున్నది. ఏటికి ఆవల తెలంగాణం, ఈవల మహారాష్ట్రం. నీళ్ళు ఒకటే, ఇంట్లో మాట ఒకటే, పండుగలు ఒకటే. బడిలో పుస్తకం మాత్రం వేరు.

ఈ నేల చేతులు మారినన్ని సార్లు మరొకటి మారి వుండదు. 1860లో నిజాము నుండి ఇంగ్లీషువారికి వచ్చింది. సిరొంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా వెలసి, కొన్నాళ్ళకు చాందా జిల్లాలో కలిసిపోయింది. మధ్య పరగణాలు, మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26 నుండి గడ్చిరోలి జిల్లా. ఇన్ని మార్పులలోనూ మారనిది ఇంట్లో అమ్మ నోటి తెలుగు. ఆ తెలుగు మాట్లాడే పిల్లలు మరాఠీలో చదివి, ఇంగ్లీషులో ఫారాలు నింపవలసి వస్తున్నది. ముల్చేర తాలూకాలో తెలుగు, మరాఠీ, గోండి, మాడియా మాటలతో పాటు బెంగాలీ కూడా వినిపిస్తుంది. మూడు నాలుగు భాషలు చెవిన పడుతూ పెరిగిన పిల్లలు తెలివితక్కువవాళ్ళు ఎలా అవుతారు? వారికి తక్కువైనది తెలివి కాదు, కబురు.

ఫారం పోయిన పిల్ల

పోయిన వేసవిలో మేము ముల్చేర, అహేరి మీదుగా సిరొంచకు వెళ్ళి ఒక బంధువుల ఇంట దిగాము. ఆ ఇంటి అమ్మాయి ఎనిమిదో తరగతి ముగించింది. లెక్కలలో తరగతికి మొదటిది. భోజనాల దగ్గర, “స్కాలర్‌షిప్పు పరీక్ష రాశావా బిడ్డా?” అని అడిగాము.

“ఏ పరీక్ష?” అన్నది ఆ పిల్ల.

వాళ్ళ బాపు చెయ్యి ఆపి, “ఫారం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో మాకెవ్వరూ చెప్పలే సార్. బడిలో అడిగితే తారీకు అయిపోయిందన్నరు,” అన్నాడు.

ఆ పరీక్ష పేరు జాతీయ ఆదాయ ప్రతిభా స్కాలర్‌షిప్పు. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఏడో తరగతిలో నూటికి 55 మార్కులు వచ్చి (షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 50), తల్లిదండ్రుల ఏటి ఆదాయం మూడున్నర లక్షలు దాటనివారు రాయవచ్చు. నెగ్గితే తొమ్మిది నుండి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో పడతాయి. నాలుగేళ్ళకు నలభై ఎనిమిది వేలు. ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు. మహారాష్ట్రలో ఈ పరీక్ష సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది. ఎనిమిదో తరగతి దాటితే మళ్ళీ అవకాశం లేదు.

ఇందులో తప్పు బడిదేనని మేము వ్రాయబోవడం లేదు. ఆ పరీక్ష సంగతి మాకు తెలుసు. మన సంఘంలో పదిమందికి తెలుసు. మన పిల్లల చేత రాయించుకున్నాము. సిరొంచ బంధువులకు ఒక్క ఫోను చెయ్యలేదు. ఆ పూట అన్నం మాకు సరిగా దిగలేదు. ఈ వ్యాసం ఆనాటి బాకీ తీర్చుకొనే ప్రయత్నమే.

పుస్తకం దాటిన చదువు

పట్టణాలలో హైస్కూలు పిల్లలకు వేసవి వచ్చిందంటే శిబిరాలు, ప్రయోగశాలలు, ప్రసిద్ధుల ఉపన్యాసాలు. సరిహద్దు పిల్లవాడికి వేసవి అంటే తునికాకు కట్టలు, ఇప్పపువ్వు, మిరప కళ్ళం. అది తక్కువ పని అని మేము అనము. కాని రెండోది కూడా వుండాలి కదా! అటువంటి తలుపులు కొన్ని వున్నాయి. అవి డబ్బుతో కాక, అడిగితే తెరుచుకొనేవి.

అంతరిక్ష పరిశోధన సంస్థ, ఇస్రో, 2019లో ‘యువిక’ అనే కార్యక్రమం ప్రారంభించింది. తొమ్మిదో తరగతి పిల్లలను రెండు వారాలపాటు తమ కేంద్రాలలో వుంచుకొని రాకెట్ల సంగతీ, ఉపగ్రహాల సంగతీ శాస్త్రజ్ఞులే చెబుతారు. శ్రీహరికోట, హైదరాబాదు ఆ కేంద్రాలలోనివే. రైలు ఖర్చు, బస, భోజనం వారివే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులతో పాటు, పల్లెటూరి బడిలో చదివినందుకు కూడా కొంత విలువ కడతారు. అనగా సిరొంచ పిల్లకు తన వూరే ఒక అర్హత! దరఖాస్తు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో పెట్టవలసి వుంటుంది, శిబిరం వేసవిలో.

రెండవది ‘ఇన్‌స్పైర్ మానక్’. పిల్లవాడికి తోచిన ఒక కొత్త ఆలోచనను ప్రధానోపాధ్యాయులు పంపిస్తారు. ఎంపికైతే నమూనా తయారు చేసుకొనడానికి పదివేల రూపాయలు ఇస్తారు. అక్కడి నుండి జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. మిరపకాయలు ఎండబెట్టడానికో, వరదకు ముందు హెచ్చరించడానికో ఒక ఉపాయం సిరొంచ పిల్లవాడికి తట్టినట్టు పట్నం పిల్లవాడికి తడుతుందా?

మూడవది 1993లో జాతీయ స్థాయిలో మొదలైన బాలల సైన్సు కాంగ్రెసు. పది నుండి పదిహేడేళ్ళ పిల్లలు జట్టుగా తమ వూరి సమస్య నొకదానిని పరిశీలించి, లెక్కలు తీసి, తమ భాషలోనే వ్రాసి చెప్పవచ్చు. తెలుగులో చెప్పినా చెల్లుతుంది. ఈ ఒక్క మాట మన పిల్లలకు ఎంత బలమో చెప్పనక్కరలేదు.

చిన్న పిల్లలున్న ఇళ్ళవారు నవోదయను మరవకూడదు. మన జిల్లా నవోదయ విద్యాలయం చామొర్షి తాలూకా ఘోట్‌లో వున్నది. ఐదో తరగతిలో వుండగా పరీక్ష రాయాలి. సీట్లలో కనీసం మూడు వంతులు పల్లె పిల్లలకే.

పది రోజుల పనిబడి

ఇక పని నేర్చుకొనే చదువు. దీనికి ఇప్పుడు ఇంటర్న్‌షిప్పు అని పేరు. 2020 నాటి జాతీయ విద్యావిధానంలో ఆరు నుండి ఎనిమిదో తరగతి పిల్లలకు పదిరోజులు సంచి లేని బడి వుండాలని వ్రాశారు. ఆ పది రోజులూ వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, తోటమాలి దగ్గరో, చిత్రకారుని దగ్గరో కూర్చుని పని నేర్చుకోవాలి. పన్నెండో తరగతి దాకా సెలవులలో కూడా ఇటువంటి అవకాశాలు కల్పించాలన్నారు.

జర్మనీలో ఇది పాత సంగతి. అక్కడి పిల్లలు, తొమ్మిదో తరగతి ప్రాంతంలో, రెండు మూడు వారాలు ఏదో ఒక కార్ఖానాకో, దుకాణానికో, ఆసుపత్రికో పోయి పని చూచి రావడం చదువులో భాగమే. మనకు మాత్రం కొత్తా? 1937 అక్టోబరులో, మన విదర్భలోని వార్ధాలోనే, గాంధీగారు విద్యా మహాసభ జరిపి, చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నారు. జాకిర్ హుస్సేన్‌గారి సంఘం దానికి పాఠ్యక్రమం వ్రాసింది. రాట్నం తిప్పుతూ లెక్కలు నేర్చుకోవాలన్న ఆ మాటను మనమే అటకెక్కించి, ఇప్పుడు ఇంగ్లీషు పేరుతో దించుకుంటున్నాము.

సిరొంచ చుట్టుపక్కల ఈ పనిబడికి గురువులు కరువా? ఆల్లపల్లి అడవిలో టేకు కొలిచేవారున్నారు. అక్కడి ‘గ్లోరీ ఆఫ్ ఆల్లపల్లి’ అనే పాత అడవి 2014లో మహారాష్ట్రలో మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలమయింది. కమలాపూర్‌లో ఏనుగుల శిబిరం వున్నది. చేపలవాళ్ళకు ప్రాణహితలో ఏ రుతువున ఏ చేప ఎక్కుతుందో తెలుసు. వెదురు అల్లేవారు, మగ్గం నేసేవారు, పంపుసెట్టు బాగుచేసేవారు, మందుల దుకాణంవారు వున్నారు. పదిహేనేళ్ళ పిల్లవాడు పదిరోజులు వీరిలో ఒకరి దగ్గర వుండి, రోజూ చూచినది ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, అది ఏ పెద్ద సంస్థ ఇచ్చే కాగితం కన్న తక్కువ కాదు. ఒక్క షరతు: అది నేర్చుకొనే పని కావాలి, కూలి ఎగ్గొట్టే పని కారాదు. పిల్లవాడు టీలు మోస్తూ కనబడితే అది చదువు కాదు.

పోచంపల్లి పెద్ద కాలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మన పెరట్లో ఏమున్నదో చూడండి.

సిరొంచ తాలూకాలో కోట అనే పల్లె వున్నది. అక్కడి సున్నపురాళ్ళలో రాయిగా మారిన చేపలు 1850ల నాటికే శాస్త్రజ్ఞుల కంటబడ్డాయి. ఆ రాతిపొరలకు ప్రపంచమంతటా ‘కోట’ అనే పేరు. అదే తాలూకా పోచంపల్లి దగ్గర, కలకత్తా గణాంక సంస్థ వారు సుమారు 1960 ప్రాంతంలో మూడు వందల దాకా ఎముకలు తవ్వి తీశారు. జురాసిక్ కాలంనాటి మహాకాయపు బల్లి అది. తొడ ఎముక ఒక్కటే మనిషెత్తు. తవ్వకం నాటి 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కాబట్టి, 1975లో దానికి ‘బరాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. బరా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. ఆ అస్థిపంజరం కలకత్తాలో నిలబడి వున్నది. ఏటికి ఆవల యామన్‌పల్లి దగ్గర దొరికిన ‘కోటసారస్’కు 1988లో పి. యాదగిరిగారు పేరు పెట్టారు. అది హైదరాబాదు బిర్లా సైన్సు కేంద్రంలో వున్నది.

ఎక్కడెక్కడివారో ఈ రాళ్ళ గూర్చి గ్రంథాలు వ్రాశారు. పోచంపల్లి పిల్లవాడికి తన చేని గట్టు కింద ఏమున్నదో తెలియకపోతే ఎలాగ? సిరొంచ పిల్లలను పదిమందిని హైదరాబాదు తీసుకుపోయి ఆ ఎముకలు చూపించి, తిరిగి వచ్చాక కోట రాళ్ళ దగ్గర నిలబెట్టి, వడధమ్ శిలాజ వనంలో రాయిగా మారిన మానులను తాకించి, చూచినది వ్రాయిస్తే చాలు. అది ఏ దేశపు శిబిరానికీ తీసిపోదు.

ఎక్కినవారున్నారు

ఇవన్నీ మనవారికి సాధ్యమా అని సందేహించేవారికి రెండు సంగతులు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని మాలావత్ పూర్ణ, పదమూడేళ్ళ వయస్సున, ఎవరెస్టు ఎక్కింది. ఆమెకు మొదటి పాఠం భువనగిరి బండ మీదనే. 2018 మేలో మన పొరుగు చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఐదుగురు అదే శిఖరం ఎక్కారు. వారి కాళ్ళలో కొత్త బలమేమీ పుట్టలేదు. ఎవరో ఒకరు వెళ్ళి అడిగారు, నేర్పారు, వెంట నిలిచారు.

“బయటికి పంపితే పిల్లలు తిరిగి వస్తారా?” అని సిరొంచలో ఒక పెద్దమ్మ మమ్మల్ని అడిగింది. న్యాయమైన ప్రశ్న. భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసాలో బాబా ఆమ్టేగారు 1973లో లోక్ బిరాదరి ప్రకల్ప స్థాపించారు. ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే దంపతులు దానిని నడిపారు. అక్కడి బడిలో చదివిన మాడియా పిల్లలలో డాక్టర్లయినవారున్నారు. తమ జిల్లాలోనే పనిచేయ వచ్చినవారూ వున్నారు. అందరూ రారు. తన వూరి విలువ తెలిసి వెళ్ళినవాడు రావడానికి కొంత ఎక్కువ అవకాశం వున్నదని మాత్రం మేము నమ్ముతున్నాము.

మన వంతు

మొదట ఒక హెచ్చరిక. ఈ పేర్లు చెప్పి డబ్బు కట్టమనేవారు వస్తే నమ్మకండి. పైన చెప్పిన శిబిరాలకు పెద్ద రుసుములేవీ లేవు. 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తరువాత నిలిచిపోయింది. దానికి తరిఫీదు ఇస్తామంటే జాగ్రత్త. ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలల్లో బస, భోజనం పొందే పిల్లలకు పైన చెప్పిన స్కాలర్‌షిప్పు వర్తించదు. వారికి మిగిలిన దారులు చూడాలి.

ఇక పని. ఆదాయ పత్రం, కులపత్రం, ఆధార్‌కు కలిపిన బ్యాంకు ఖాతా, వీటిని జూన్, జూలైలలోనే సిద్ధం చేయించాలి. ఫారం వచ్చాక పరుగెత్తితే అందవు. ప్రతి వూరిలో మన కుటుంబాలలో ఒకరు ఈ తారీకులు తెలుసుకొని, హెడ్మాస్టరుగారిని నెలకొకసారి కలిసి, మర్యాదగా అడగాలి. ఇంగ్లీషు ఫారం చదవలేని తల్లిదండ్రులకు తెలుగులో చెప్పాలి. హైదరాబాదు, నాగపూర్, చంద్రపూర్‌లలో స్థిరపడిన మనవారు వేసవిలో ఒక పిల్లకు పదిరోజులు ఇంట చోటివ్వాలి. మన తాతలు చదువుకొనే పిల్లలకు వారాలు పెట్టి అన్నం పెట్టినవాళ్ళే. ఆ ఆచారం పూర్తిగా పోలేదని చూపించే వేళ ఇది.

ఆ సిరొంచ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. స్కాలర్‌షిప్పు దాటిపోయింది, అది మేము తిరిగి ఇవ్వలేము. యువిక దరఖాస్తుకు మాత్రం ఆమెకు ఇదే సంవత్సరం. వాళ్ళ బాపు ఈ మధ్య ఫోను చేసి, “తారీకు చెప్పుడు మరువకుండ్రి సార్,” అన్నాడు. మా గోడమీది క్యాలెండరులో ఫిబ్రవరి మొదటి వారానికి ఎర్ర సిరాతో సున్న చుట్టి పెట్టాము. చదువరులు తమ ఇంటి క్యాలెండరులోనూ, ఎవరో ఒక బిడ్డ పేరున, అటువంటి సున్న ఒకటి చుట్టుకోవలసిందిగా కోరుతున్నాము.