మిలిటరీ ఇంజను – పాత కారు

అమెరికాలో పాత కార్లను బాగుచేసి, జోరుగా పోయేలా మార్చేవాళ్లున్నారు. అలా మార్చిన కారును 'హాట్ రాడ్' అంటారు.

1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో చవక కారు తెచ్చింది. ఈ ఇంజనులో వాల్వులు పైన ఉండవు. సిలిండర్ల పక్కన ఉంటాయి. అందుకే దాని పైమూత దోసె పెనంలా చదునుగా ఉంటుంది. దాన్నే 'ఫ్లాట్‌హెడ్' అంటారు. అంటే చదును తల.

దీనికో చిక్కుంది. వేడి పొగ ఇనుప దిమ్మ లోపలి నుంచే బయటికి పోవాలి. దాంతో నీళ్లు తొందరగా కాగుతాయి. వేడెక్కి వేడెక్కి దిమ్మ పగులుతుంది. పగలని పాత ఇంజను దొరకడం కష్టం.

ఫ్రాన్సులోని ఫోర్డు కార్ఖానాను 1954లో సిమ్కా కంపెనీ కొన్నది. అక్కడ చేసిన ఇలాంటి ఇంజన్లను ఫ్రాన్సు సైన్యం లారీల్లో వాడింది. మిగిలినవి తర్వాత అమ్మకానికి వచ్చాయి. కార్లవాళ్లు ఎగబడి కొన్నారు.

తెచ్చి ఊరికే బిగిస్తే కుదరదు. మిలిటరీ లారీ కరెంటు 24 వోల్టులు. కారుకు 6 లేదా 12 చాలు. కాబట్టి స్టార్టరు, డైనమో మార్చాలి. గేరుపెట్టె కలవకపోతే మధ్యన అతుకు పలక వేయాలి. మంచి రేడియేటరు పెట్టాలి.

అన్నిటికన్నా ముందు దిమ్మలో పగుళ్లున్నాయేమో మెకానిక్కుకు చూపించుకోవాలి. చూపించకుండా కొంటే ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే!