మౌనం ఎవరి కోసం?

ఐగుప్తు రాజైన ఫరో ఇద్దరు మంత్రసానులను పిలిపించాడు. వారి పేర్లు షిఫ్రా, పూయా. హెబ్రీ స్త్రీలకు కాన్పు చేసేటప్పుడు మగబిడ్డ పుడితే చంపేయాలి, ఆడపిల్లయితే బతకనివ్వాలి. ఇదీ రాజాజ్ఞ! పురిటిగదిలో ఏం జరిగినా బయటివారికి తెలియదు. బిడ్డ పుట్టగానే పోయాడంటే అడిగేవారుండరు. కాని ఆ ఇద్దరూ రాజుకన్నా దేవునికే ఎక్కువగా భయపడ్డారు. పిల్లల్ని బతికించారు. రాజు నిలదీసినప్పుడు, తాము వెళ్లేలోగానే కాన్పులైపోతున్నాయని చెప్పి ఊరుకున్నారు తప్ప ఏ ఒక్క తల్లినీ పట్టివ్వలేదు. దేవుడు వారికి మేలు చేసి, వారి వంశాలను నిలబెట్టాడు (నిర్గమ 1:15-21).

రోగి పడక పక్కన నిలబడే ప్రతి నర్సుకూ ఏదో ఒకరోజు ఇలాంటి పరీక్ష తప్పదు. ఎప్పుడు నోరు విప్పాలి? ఎప్పుడు మౌనంగా ఉండాలి?

ఒక ఆదివారాన్ని ఊహించుకుందాం. ఆరాధన ముగిసింది. చర్చి ఆవరణలో ఒక తల్లి, నర్సుగా పని చేసే ఒక సహోదరిని పక్కకు పిలిచింది. ‘‘అమ్మా, మా అమ్మాయికి ఫలానా అబ్బాయి సంబంధం వచ్చింది. మొన్న అతను మీ ఆసుపత్రిలోనే చేరాడట కదా. ఏం జబ్బు తల్లీ? నీకు తెలిసే ఉంటుంది, దాచకు’’ అంది. ఆ నర్సుకు నిజంగానే తెలుసు. ఆ యువకుడికి హెచ్‌ఐవీ ఉంది. చెబితే రోగి నమ్మకాన్ని అమ్మేసినట్టు. చెప్పకపోతే చిన్ననాటి నుంచి తన కళ్ల ముందు పెరిగిన అమ్మాయి గతి ఏమిటి? ఆమె గుండె రెండు ముక్కలవుతుంది.

నర్సింగ్ వృత్తికి నాలుగు మూలస్తంభాలున్నాయి. రోగికి మేలు చేయడం, హాని చేయకపోవడం, అతని నిర్ణయాన్ని గౌరవించడం, అందరినీ సమంగా చూడడం. రోగి రహస్యాన్ని కాపాడడం వీటిని అంటిపెట్టుకున్న బాధ్యత. 1893లో అమెరికాలో రూపొంది, ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుతో ప్రసిద్ధమైన నర్సుల ప్రమాణంలోనూ ఈ మాట ఉంది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన తొలి నీతి నియమావళిలోనూ ఉంది. కాని ఇద్దరి మేలు ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు ఏం చేయాలి? చిక్కు అక్కడే!

ఇది కేవలం ఊహ కాదు. ఒక వైద్యుడి రక్త పరీక్షలో హెచ్‌ఐవీ బయటపడింది. ఆ సంగతి ఆసుపత్రి నుంచి బయటికి పొక్కి, నిశ్చయమైన పెళ్లి ఆగిపోయింది. ఆయన న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. గోప్యత హక్కు సంపూర్ణం కాదని, పెళ్లాడబోయే యువతికి ఆరోగ్యంగా జీవించే హక్కుందని 1998లో కోర్టు తీర్పు చెప్పింది. ఆ యువతికి రక్షణ దొరికిన మాట నిజమే. కాని ఆ సంగతి నోటికీ నోటికీ పాకడంతో ఆ వైద్యుడు వెలివేతకు గురై సొంత ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. నిజం ఒక్కటే అయినా, అది ఎవరి నోట, ఎవరి చెవిన, ఎలా పడిందన్న దాన్నిబట్టి ప్రాణం పోయనూ గలదు, తీయనూ గలదు.

అందుకే 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమలవుతున్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒక దారి చూపించింది. జీవిత భాగస్వామికి ముప్పు ఉందనుకున్నా, వైద్యుడు లేదా కౌన్సెలర్ మాత్రమే ఆ విషయం తెలియజేయాలి. అదీ ముందు రోగికి నచ్చజెప్పి, అతను చెప్పేలా లేడని తేలాక, తాము చెప్పబోతున్నామని అతనికే తెలిపిన తర్వాత. పెళ్లి కుదిరే దశలో కూడా నర్సుకు ఈ వరుసే మంచి బాట. చర్చి ఆవరణలో ఆ తల్లితో ఆమె చెప్పవలసిన మాట ఒక్కటే. ‘‘ఆంటీ, ఏ రోగి సంగతీ నేను బయట చెప్పను. రేపు మీరొచ్చినా మీ సంగతీ ఇలాగే దాస్తాను. పెళ్లికి ముందు ఇద్దరికీ వైద్య పరీక్షలు చేయించండి, ఏ సంబంధమైనా సరే.’’ ఆ తర్వాత ఆమె వెళ్లాల్సింది రోగి దగ్గరికి, వైద్యుడి దగ్గరికి, కౌన్సెలర్ దగ్గరికి. ‘‘బాబూ, ఆ అమ్మాయికి నువ్వే చెప్పాలి’’ అని ప్రేమతో బతిమాలాలి. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే లైంగికంగా ఇతరులకు సోకదని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. చెప్పుకోవడానికి అతనికి ఇప్పుడు భయమే కాదు, నిరీక్షణ కూడా ఉంది! ప్రేమతో సత్యం చెప్పడమంటే (ఎఫెసీ 4:15) ఇదే.

అయితే మౌనమంతా పవిత్రం కాదు. రాత్రి డ్యూటీలో అలసిపోయి, ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ మరొకరికి ఇచ్చేశారనుకోండి. ఎవరూ చూడలేదు. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే రోగి ప్రాణమే పోవచ్చు. వెంటనే చెబితే విరుగుడుకు సమయం దొరుకుతుంది. తప్పును దాచిపెట్టేవాడు వర్ధిల్లడని, ఒప్పుకొని విడిచిపెట్టేవాడు కనికరం పొందుతాడని సొలొమోను రాశాడు (సామె 28:13). మొదటి మౌనం రోగిని కాపాడుతుంది, రెండోది నన్ను కాపాడుకుంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ‘‘ఈ మౌనం ఎవరి కోసం?’’ అని మనస్సాక్షిని అడిగితే తేడా తెలిసిపోతుంది.

ఈ పాఠం నర్సులకే కాదు, సంఘానికి కూడా! గుంటూరులో 1883లో అడుగుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటి మిషనరీల కాలం నుంచి తెలుగు సంఘాలకూ ఆసుపత్రులకూ విడదీయరాని బంధముంది. అలాంటి సంఘాల్లోనే కొన్నిసార్లు రోగుల రహస్యాలు ‘ప్రార్థన మనవి’ ముసుగు వేసుకుని ఊరంతా తిరుగుతాయి. ‘‘ఫలానా సహోదరుని కోసం ప్రార్థించండి, ఆయనకు...’’ అంటూ మొదలయ్యే మాటలు ఎన్ని కుటుంబాలను చర్చికి దూరం చేశాయో! కొండెగాడు రహస్యాలు బయటపెడతాడని, నమ్మకమైన మనసు గలవాడు వాటిని దాచుతాడని వాక్యం హెచ్చరిస్తోంది (సామె 11:13). రోగం పేరు తెలియకపోయినా దేవుడు ప్రార్థన వింటాడు. ఆయనకు ఆ పేరు ముందే తెలుసు! మన నర్సు సహోదరీలను ఆరా తీయకుండా, వారు నమ్మకంగా నిలబడేలా వారి కోసం ప్రార్థించడమే మన వంతు.

నిర్గమకాండంలో ఆ ఫరో పేరేమిటో లేదు. అంతటి రాజు పేరు రాయని గ్రంథం, ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం భద్రంగా రాసిపెట్టింది. ఎవరూ చూడని గదిలో నమ్మకంగా నిలిచినవారిని దేవుడు మరచిపోడు.