పిల్లి పండ్లు - చిగుళ్ల పుండ్లు

గాదెలో ధాన్యము నిలువయుంచు రైతునకు పిల్లి జీతము లేని కావలి. అట్టి పిల్లి అన్నపు గిన్నె యొద్దకు ఆశతో వచ్చి, మూతి పెట్టి, వెంటనే తొలగిపోవుచుండినచో, దానికి ఆకలి లేదని తలంపరాదు. మొదట దాని నోరు చూడవలెను. ఆకలి యున్నను నొప్పిచేత తినలేకపోవుట గలదు.

పెరిగిన పిల్లికి 30 పండ్లుండును. కూనకు మొలచిన 26 పాలపండ్లు మూడు నెలలు దాటినది మొదలు ఊడుచు, సుమారు ఆఱవ నెలకు పెద్దపండ్లు వచ్చును. అప్పుడు చిగురు కొంచెము ఎఱ్ఱనగుట సహజము. పెద్దపిల్లి విషయ మట్లు కాదు. పంటిపై చేరిన పాచి గట్టిపడి గారయగును. పాచిలోని సూక్ష్మజీవులచే చిగురు వాచి రక్తము కారును. ఉపేక్షించినచో పన్ను కదలును. కొన్నిటికి అంటువ్యాధులవలన నోరు పూయుటయు గలదు.

నోటి దుర్వాసన, చొంగ, ఒకవైపుననే నములుట, ముద్ద జారవిడుచుట, ముంగాలితో మూతి రుద్దుకొనుట దీని గుర్తులు.

పండ్లు బాగుగ నున్నప్పుడే, కూననాటినుండి, తడిపిన మెత్తని గుడ్డను వ్రేలికి చుట్టి పండ్ల వెలుపలివైపు తుడుచుట అలవాటు చేయవలెను. మనము వాడు పండ్లపొడి, పేస్టు పనికిరావు. చిగురు పుండైన పిమ్మట రుద్దరాదు. ముల్లు తీసి ఉడికించిన చేపను, ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి లేకుండ మెత్తగా మెదిపి పెట్టవలెను. ఒక దినము పూర్తిగా తినకున్నచో పశువైద్యునకు చూపవలెను. ఆయన మత్తిచ్చి గార తీయును. చెడిన పన్ను పెఱికివేయును. పండ్లు పోయిన పిల్లియు మానిన పిదప మెత్తని తిండి సుఖముగా తినగలదు.

మన మందులు దానికి పెట్టకుడు. పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణము తీయును. లవంగనూనెయు పూయరాదు.

మఱొక హెచ్చరిక. స్వభావము హఠాత్తుగా మారి, చొంగ కార్చుచు, మ్రింగలేక, మీదబడి కఱవవచ్చు పిల్లి నోట వ్రేలు పెట్టరాదు. అది పిచ్చివ్యాధి, అనగా రేబీస్, కావచ్చును. ఏ పిల్లి కఱచినను, రక్తము వచ్చునట్లు గీరినను, గాయమును సబ్బుతో నీటిధార క్రింద 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా విషయము విచారింపవలెను.

ధాన్యమునకు పురుగు పట్టెనేమో యని గాదె తెఱచి చూచుకొను మనకు, ఆ ధాన్యమును కాచు పిల్లి నోటిని నెలకొకమారు చూచుట భారము కాదు.