తెర మీద కనబడని కోచ్

మొన్న ఆదివారం మా తమ్ముడి పోరు పడలేక 'వియ్ ఆర్ మార్షల్' అనే ఇంగ్లీషు చిత్రం రెండోసారి చూశాను. 2006లో విడుదలైన చిత్రం. 'చార్లీస్ ఏంజెల్స్' తీసి కుర్రకారుని ఉర్రూతలూగించిన మెక్‌జి దీనికి దర్శకుడు. మాథ్యూ మెకానహే హీరో. సినిమా అయిపోయింది. కళ్ళు తుడుచుకుని లేవబోతుంటే మా వాడు కదలకుండా కూర్చున్నాడు.

"ఏరా, నిద్రొస్తోందా?" అన్నాను.

"అది కాదు అన్నయ్యా! విమానం ఎక్కకుండా బతికిపోయిన కోచ్ కథ రెండు గంటలు చూపించారు. బాగానే ఉంది. మరి ఎక్కిన కోచ్‌ల సంగతేమిటి? వాళ్ళకి కథ లేదా?"

ఏం చెప్పను? పత్రికలకి సినిమా కబుర్లు రాసుకునే నాకు ఆ అనుమానమే రాలేదు. డిగ్రీ చదివే కుర్రాడికి వచ్చింది! ఆ ప్రశ్న వెంటబడి వెళితే నాకు దొరికిన మనిషి పేరు ఫ్రాంక్ లోరియా. ఉద్యోగం కాలేజీ జట్టుకి డిఫెన్స్ కోచ్. పోయేనాటికి వయసు 23. సినిమాలో ఆయనకి దక్కిన చోటు బహు తక్కువ. ఆ లోటు కాస్తయినా పూడ్చుదామనే ఈ నాలుగు మాటలూ.

ఇది మన ఫుట్‌బాల్ కాదు!

ముందు ఆట సంగతి చెప్పుకోవాలి. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది పీలే ఆడిన ఆట కాదు. బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, అడ్డొచ్చినవాణ్ణి ఢీకొడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు తోసుకుపోవాలి. లేకపోతే బంతి అవతలివాళ్ళ పరం.

బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడేది ఒక దండు, అడ్డుకునేది మరో దండు. ఒకే జట్టులో రెండు దండ్లు, ఇద్దరికీ వేరువేరు కోచ్‌లు. మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి ఎలా చుట్టుముడతారో, కాళ్ళు ఎవరు పట్టాలో, నడుం ఎవరు పట్టాలో ముందే అనుకుంటారు చూడండి, డిఫెన్స్ కోచ్ నేర్పేది సరిగ్గా అదే. అందరినీ దాటుకుని వచ్చేసినవాణ్ణి ఆఖర్న పడగొట్టేవాణ్ణి 'సేఫ్టీ' అంటారు. ప్రహరీ దూకి వచ్చిన దొంగని గుమ్మంలో పట్టుకునేవాడన్నమాట! వాడు తప్పితే ఇక వెనకాల దిక్కులేదు.

ఈ డిఫెన్స్‌వాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్ళు ఎంత బాగా ఆడితే స్కోరుబోర్డు మీద అంత తక్కువ కనిపిస్తుంది. ఎదుటివాడి పేరు పక్కన సున్నా ఉంటే అదే వాళ్ళకి నూటికి నూరు మార్కులు. సున్నాకి ఈల వేసే ప్రేక్షకుడు ఎవడుంటాడు చెప్పండి!

అయిదడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు

ఫ్రాంక్ లోరియా 1947 జనవరిలో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. కొండల్లాంటి మనుషులు ఢీకొనే ఆ ఆటలో ఆ ఎత్తు ఒక ఎత్తే కాదు. అయినా వర్జీనియా టెక్‌లో సేఫ్టీగా ఆడి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. బంతి ఎటు వెళుతుందో ముందే పసిగట్టడం, గాలిలోకి తన్నిన బంతిని అందుకుని తిరిగి శత్రువుల మధ్యనుంచి దూసుకుపోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్యలు. 1966లోనూ, 1967లోనూ దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాళ్ళకిచ్చే 'ఆల్ అమెరికన్' గౌరవం దక్కించుకున్నాడు.

ఆ రోజుల్లో ఆయనతోపాటు అదే జట్టు డిఫెన్స్‌లో, అదే వెనక వరసలో ఇంకో కుర్రాడు ఆడేవాడు. పేరు ఫ్రాంక్ బీమర్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఆట అయ్యాక లోరియా కోచింగ్‌లోకి దిగాడు. వెస్ట్ వర్జీనియాలోనే హంటింగ్టన్ అనే ఊళ్ళో ఉన్న మార్షల్ యూనివర్సిటీ జట్టుకి డిఫెన్స్ వెనక వరస కుర్రాళ్ళని తీర్చిదిద్దే పని. ప్రధాన కోచ్ రిక్ టాలీ కూడా వర్జీనియా టెక్‌లో చదివినవాడే. శిష్యులకీ గురువుకీ మధ్య రెండుమూడేళ్ళే తేడా. మన కాలేజీల్లో అయితే 'సార్' అనాలో 'అన్నా' అనాలో తేల్చుకోలేని వయసు! ఇంటి దగ్గర భార్య, చిన్నపిల్లలు. మరో బిడ్డ పుట్టబోతోంది.

ఆ శనివారం రాత్రి

1970 నవంబరు 14. మార్షల్ జట్టు నార్త్ కరోలినా వెళ్ళి ఈస్ట్ కరోలినాతో ఆడి 17-14తో ఓడింది. మూడంటే మూడే పాయింట్లు! తిరుగు ప్రయాణానికి ప్రత్యేకంగా మాట్లాడుకున్న సదరన్ ఎయిర్‌వేస్ విమానం ఎక్కారు. హంటింగ్టన్ దగ్గర వాన, పొగమంచు. రన్‌వే ఇంకా మైలు దూరం ఉందనగా విమానం చెట్లకి తగిలి కొండ పక్కన కూలిపోయింది. అందులో ఉన్న 75 మందిలో ఒక్కరు కూడా మిగల్లేదు. ఆటగాళ్ళే 37 మంది. వాళ్ళతోపాటు కోచ్‌లు, జట్టు వెంట సరదాగా వెళ్ళిన ఊరి పెద్దలు, విమాన సిబ్బంది. ఆరుగురు ఎవరెవరో గుర్తుపట్టడం కూడా సాధ్యం కాలేదు. ఆ ఆరుగురినీ హంటింగ్టన్‌లోని స్ప్రింగ్ హిల్ శ్మశానంలో ఒకే చోట పక్కపక్కన పాతిపెట్టారు.

సినిమాలో మాథ్యూ ఫాక్స్ వేసిన రెడ్ డాసన్ పాత్ర నిజమైనదే. ఆయన కూడా అసిస్టెంట్ కోచే. కొత్త ఆటగాణ్ణి చూసి రావడానికి కారులో బయల్దేరాడు, బతికాడు. చిత్రంలో తన సీటు డీక్ బ్రాకెట్ అనే పెద్దాయనకి ఇచ్చినట్టు చూపించారు. నిజానికి డాసన్ వెళ్ళేటప్పుడూ కారే, వచ్చేటప్పుడూ కారే. వెళ్ళేటప్పుడు కారులో వెళ్ళిన బ్రాకెట్, విమానంలో వెళ్ళిన గెయిల్ పార్కర్ అనే మరో కోచ్ తిరుగు ప్రయాణానికి తారుమారయ్యారు. సినిమావాళ్ళు ఆ బరువంతా డాసన్ భుజాల మీద పెట్టారు. కథకి పనికొచ్చింది, తప్పు పట్టను.

మరుసటి ఏడు కొత్త కోచ్ జాక్ లెంగెల్ వచ్చాడు. జట్టు చాలక, మొదటి సంవత్సరం విద్యార్థుల్ని ఆడించుకోవడానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్నారు. డాసన్ ఒక్క ఏడాది సాయంచేసి కోచింగ్‌కి దణ్ణంపెట్టి భవన నిర్మాణంలోకి వెళ్ళిపోయాడు. 1971 సెప్టెంబరు 25న సొంతగడ్డ మీద ఆఖరి క్షణంలో టచ్‌డౌన్ చేసి జేవియర్ జట్టుని 15-13తో ఓడించారు. సినిమాలో హాలు హాలంతా లేచి నిలబడే ఘట్టం అదే.

ఇక్కడే మా తమ్ముడి ప్రశ్న నన్ను పట్టుకుంది. అందరం ఆ 15 చూసి చప్పట్లు కొట్టాం. అవతలివాళ్ళని 13 దగ్గర ఆపిందెవరు? డిఫెన్స్! ఆ ఏటి జట్టులో కొత్తవాళ్ళకి పెద్దదిక్కుగా నిలిచిన నేట్ రఫిన్ (తెర మీద ఆంథొనీ మాకీ) ఆడింది డిఫెన్స్ వెనక వరసలోనే. లోరియా విద్య నేర్పిన వరస అది. గాయం వల్ల ఆ రోజు విమానం ఎక్కలేదు గనక మిగిలాడు. తన తోటివాళ్ళ శవాల్ని గుర్తుపట్టే పని కూడా ఆ కుర్రాడి మీదే పడింది. 2001లో రక్త కాన్సర్‌తో పోయినప్పుడు ఆయన్ని స్ప్రింగ్ హిల్‌లో, ఆ ఆరుగురి దగ్గరే సమాధి చేశారు.

ఇద్దరు ఫ్రాంక్‌లు

ఇప్పుడు రెండో ఫ్రాంక్ దగ్గరికి వద్దాం. బీమర్ కూడా కోచ్ అయ్యాడు. 1987లో తమ వర్జీనియా టెక్‌కే ప్రధాన కోచ్‌గా వచ్చి 2015 దాకా, 29 సీజన్లు నడిపాడు. అక్కడ 238 విజయాలు సాధించాడు. ఆయన జట్లకి పేరు తెచ్చినవి ఏవనుకున్నారు? గట్టి డిఫెన్సూ, తన్నిన బంతుల దగ్గర చూపించే మెరుపూ! కాలేజీ రోజుల్లో లోరియాకి పేరు తెచ్చినవీ అవే కదా!

లోరియా బతికుంటే అంతవాడయ్యేవాడా? ఎవరు చెప్పగలరు! ఒకే వరసలో నిలబడి ఆడిన ఇద్దరిలో ఒకడికి 29 సీజన్ల కోచింగ్ దక్కింది, ఇంకొకడికి 23 ఏళ్ళ ఆయుష్షే దక్కింది. వర్జీనియా టెక్ మాత్రం మరిచిపోలేదు. ఆయన తొడిగిన 10వ నంబరు చొక్కాని ఇంకెవరికీ ఇవ్వకుండా ఆయన పేరున దాచింది. 1999లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది. ఆయన పోయాక పుట్టిన కొడుక్కి తండ్రి పేరే పెట్టారు.

మార్షల్ యూనివర్సిటీ ఆవరణలో 1972లో ఒక ఫౌంటెన్ కట్టారు. ఏటా నవంబరు 14న అందరూ దాని చుట్టూ చేరతారు. పేర్లు చదువుతారు. నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ వసంతం వచ్చేదాకా అది ఎండిపోయే ఉంటుంది.

ఇదంతా చెబితే మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సినిమా మళ్ళీ మొదట్నుంచీ పెట్టాడు. విమానం ఎక్కబోయే ముందు జట్టంతా కనిపించే చోట బొమ్మని ఆపి, "ఇందులో లోరియా ఎవరన్నయ్యా?" అని తెరకి దగ్గరగా జరిగాడు.

నేనూ కుర్చీ ముందుకి లాక్కున్నాను.