ఊర్లో దుబాయి సేటు – అక్కడ రఫీక్

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి – ఉత్తర తెలంగాణ బతుకును ఈ మూడు మాటల్లో చెప్తుంటారు. మన భీమ్‌గల్, ఆర్మూర్, బోధన్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవారు లేని వాడ దొరకడం కష్టం. ఎండిన బోర్లు, అప్పులు, పని లేకపోవడం దీనికి కారణాలు. 1937లో స్థాపించిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది.

కఫీల్ అంటే ఎవరు?

గల్ఫ్‌లో కార్మికుని వీసా ఒక యజమానితో ముడిపడి ఉంటుంది. ఆ యజమానే కఫీల్. ఆయన ‘పారిపోయాడు’ అని ఫిర్యాదు చేస్తే కార్మికుడు ‘ఖల్లివల్లి’ అయిపోతాడు. అంటే కాగితాలు లేని మనిషి. పని మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదని ఖతార్ 2020లో చట్టం మార్చింది. ఏ దేశస్థుడికైనా నెలకు కనీసం 1,000 రియాళ్లు ఇవ్వాలన్న నియమం 2021 మార్చిలో అమలుకు వచ్చింది.

‘ఏ దేశస్థుడికైనా’ అని ఎందుకు చెప్పాల్సి వచ్చింది? అక్కడ చాలాచోట్ల జీతం పనిని బట్టి కాదు, పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. ఇక్కడ కులం అడుగుతారు, అక్కడ దేశం అడుగుతారు. ‘రఫీక్’ అంటే స్నేహితుడని అర్థం. కానీ మనవాళ్లను పిలిచేటప్పుడు అందులో వినిపించేది ‘కూలోడా’ అనే.

మగవాడి బరువు

అక్కడ రఫీక్ అయినవాడే ఊర్లో దుబాయి సేటు. చెల్లె పెండ్లి, స్లాబు ఇల్లు, వీసా అప్పు అన్నీ ఆయన మీదే. ‘మగోడు ఉత్త చేతులతో రావద్దు’ అంటారు. అందుకే జీతం ఆగినా, దెబ్బ తగిలినా ఫోన్‌లో ‘మంచిగున్న’ అంటాడు. ఫిర్యాదు చేయడు, వడ్డీ పెరుగుతుంది. ఆడోళ్ల పని అనుకున్న వంట, బట్టలుతకడం క్యాంపులో తానే చేసుకుంటాడు. ఇక్కడ భార్య బీడీలు చుట్టి, పసుపు చేనుకు పోయి ఇల్లు నడుపుతుంది. మరి సంపాదన ఒక్క మగవాడిదేనా?

మనం తెలుసుకోవాల్సింది

పదో తరగతి పాసు కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. వారికి 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. విజిట్ వీసా మీద పనికి పోవద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. కన్నా ఎక్కువ తీసుకోరాదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది.

మన అన్నలకు, నాయినలకు ఫోన్ చేసినప్పుడు ‘పైసలెప్పుడు పంపుతవ్’ అనే ముందు ‘జీతమిస్తున్నరా? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?’ అని అడుగుదాం.