చెరగని గుర్తు – పనిముట్ల పాకకు తగిన మార్కరు పెన్ను

పనిముట్ల మీద, స్ప్రేయర్ల మీద, విత్తన బస్తాల మీద మార్కరు పెన్నుతో గుర్తు వ్రాసి ఉంచుట మంచి అలవాటు. అయితే పెన్ను మీద ‘పర్మనెంటు’ అని అచ్చువేసి ఉన్నంత మాత్రమున ఆ వ్రాత కలకాలము నిలుచునని తలంచరాదు.

నేను స్వయముగా చూచిన సంగతి ఒకటి చెప్పెదను. ఒక రైతు తన రెండు స్ప్రేయర్లలో ఒకదానిపై ‘కలుపు మందు’ అని మార్కరుతో వ్రాసి, ఎండ తగులు వసారాలో వ్రేలాడదీసెను. మరుసటి ఏటికి ఆ వ్రాత వెలిసిపోయినది. పాలేరు తెలియక దానినే తీసికొని ప్రత్తి మీద పురుగు మందు కొట్టెను. లోపల మిగిలియున్న 2,4-డి మందు వలన కొన్ని దినములలో ప్రత్తి ఆకులు సన్నబడి, బెండ ఆకుల వలె చీలికలుగా మారినవి. ఈ మందు అతి స్వల్పముగా తగిలినను ప్రత్తి తాళజాలదు. పెన్ను ఎన్నికలో జరిగిన పొరపాటు పైరు మీదికి వచ్చినది.

సిరాలలో భేదము

మార్కరు సిరాలో మూడు పదార్థములుండును: రంగు, దానిని అంటించి ఉంచు జిగురు, ఆరిపోవు ద్రావకము. సామాన్యపు మార్కరులలో చాల వరకు రంగు ద్రావకములో కరిగియుండును. ఇది నీటికి చెరగదు గాని, ఎండకు కొన్ని నెలలలోనే వెలిసిపోవును. ఎరుపు వంటి రంగులు నలుపు కంటె త్వరగా వెలియును. స్పిరిటు తగిలినచో ఈ వ్రాత కరగిపోవును. నీళ్లలో కలిపినపుడు పాలవలె మారు పురుగు మందులు అనేకము నూనె జాతి ద్రావకములతో తయారైనవి. డబ్బా నుండి కారిన అట్టి మందు చుక్కలు కూడ వ్రాతను తుడిచివేయగలవు.

పెయింటు మార్కరు వేరు. దీనిలోని రంగు కరగని మెత్తని పొడి. అది జిగురుతో కలిసి పలుచని రంగు పొరగా గట్టిపడును. ఎండకు, వానకు ఇది ఎక్కువ కాలము నిలుచును. లోపల చిన్న గుండు ఉండును గనుక వ్రాయుటకు ముందు బాగుగా కుదుపవలెను. నల్లని ఇనుము మీద తెలుపు, పసుపు రంగులు స్పష్టముగా కనిపించును.

ఎచ్చట ఏది వాడవలెను?

ఇనుప పనిముట్లకు: పెయింటు మార్కరు. ముందుగా త్రుప్పు గీకి, గ్రీజు తుడిచి, ఆరిన పిమ్మట వ్రాయవలెను. నూనె మీద వ్రాసిన ఏ సిరాయు నిలువదు.

ప్లాస్టిక్ స్ప్రేయర్లకు: నున్నని ప్లాస్టిక్‌ను రంగు గట్టిగా పట్టదు. గరుకు కాగితముతో రుద్ది, పెయింటు మార్కరుతో వ్రాయుడు. దానితో పాటు అల్యూమినియము బిళ్ల మీద మేకుతో అక్షరములు గీసి, తీగతో కట్టుడు. లోహము మీద గీసిన గీత వెలియదు, కరగదు. చదువురాని వారికి సైతము తెలియునట్లు కలుపు మందు స్ప్రేయరుకు ఎర్రని పట్టీ వేయుడు.

విత్తన బస్తాలకు: గోనె మీద నల్ల మార్కరు చాలును. కాని లోపల కూడ పెన్సిలుతో వ్రాసిన చీటీ వేయుడు. పెన్సిలు వ్రాత తేమకు అలుకదు, వెలియదు. బి.పి.టి. 5204 వరికిని, ఎం.టి.యు. 1010 వరికిని కోత కాలములో సుమారు మూడు, నాలుగు వారములు తేడా కలదు. బస్తాలు తారుమారైనచో ఆ కష్టము రైతునకు వేరుగ చెప్పనక్కర లేదు.

పురుగు మందులను మాత్రము వేరొక సీసాలో పోసి పైన పేరు వ్రాయుట ఎన్నడును చేయరాదు. అసలు డబ్బా మీద మందు విషతీవ్రతను తెలుపు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ ముక్కోణపు గుర్తును, విరుగుడు వివరములును ఉండును. ఏ మార్కరును వాటికి బదులు కాజాలదు.

మీరే పరీక్షించుడు

అంగడిలో దొరకు రెండు మూడు పెన్నులతో ఒక రేకు ముక్క మీద వరుసగా వ్రాయుడు. ఒక రోజు ఆరిన పిమ్మట సగము గుడ్డతో కప్పి, మిగిలిన సగమును ఎండ, వాన తగులునట్లు ఒక పంటకాలము వ్రేలాడదీయుడు. తరువాత కిరసనాయిలు గుడ్డతో ఒకసారి తుడువుడు. ఏ వ్రాత నిలిచినదో అదియే మీకు తగిన పెన్ను.

ఈ సిరాలు త్వరగా అంటుకొనునవి. పొయ్యికి, వెల్డింగు చేయు చోటికి దూరముగా, మూత బిగించి, పిల్లలకు అందకుండ ఉంచుడు. గాలి తగులు చోటనే వ్రాయుడు. ఏటేట తొలకరికి ముందు అన్ని గుర్తులను ఒకసారి చూచి, మసకబారిన వానిని తిరిగి వ్రాసికొనిన యెడల పని తరుణములో పొరపాటునకు తావుండదు.